చక్రముల బండికి ఓడలో చోటున్నదా?



సెలవులు వచ్చినవనగానే మన కుటుంబములలో ప్రయాణముల మాట మొదలగును. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల వారమైతే పాపికొండలకు బోటులో వెళ్దామనో, ఆటపాక వద్ద కొల్లేటి పక్షులను చూచి వద్దామనో, విశాఖపట్నము వెళ్లి సముద్రము చూద్దామనో అనుకొందుము. పిల్లలు అమెరికాలో ఉన్నవారికి అక్కడి పెద్ద ఓడలలో విహారయాత్ర కూడ ఇప్పుడు వింత కాదు. అయితే ఎవరెవరు వెళ్లవలెనో పేర్లు వ్రాసికొను వేళ ఒక పేరు మెల్లగా జారిపోవును. అది మోకాళ్లు అరిగిన నాయనమ్మ పేరు కావచ్చును. చిన్ననాడు పోలియో సోకి కాలు సన్నబడిన బాబాయి పేరు కావచ్చును. పక్షవాతము వచ్చిన తండ్రి పేరు కావచ్చును. “ఆవిడెక్కడ రాగలదులే, ఇల్లు కనిపెట్టుకుని ఉంటుంది” అని ఒకరందురు. “నన్నొదిలేయండర్రా, మీరు వెళ్లి రండి” అని ఆమెయు అనును. ఆ మాటతో అందరి మనస్సులు తేలికపడును.

గృహదర్శనములకు వెళ్లినప్పుడు ఈ మాట అనేక ఇండ్లలో మేము వినుచున్నాము. ఆమెను నిజముగా ఆపినది మోకాలా? లేక రేవునకు, పడవకు మధ్యనున్న ఆ ఒక్క మెట్టా? ఈ నెల ఈ సంగతిని కొంచెము నిదానముగా ఆలోచింతము.

బండి పుట్టిన కథ

చేతులతో త్రిప్పుకొను మూడు చక్రముల బండిని మన ఊళ్లలో ఎరుగనివారు లేరు. దాని చరిత్ర చాల పాతది. 1655వ సంవత్సరములో జర్మనీ దేశమున నూరెంబర్గు దగ్గరనున్న ఆల్ట్‌డార్ఫు అను ఊరిలో స్తెఫాన్ ఫార్‌ఫ్లర్ అను గడియారముల పనివాడు, నడువలేని తన కొరకు తానే అటువంటి బండి చేసికొన్నాడు. అప్పటికి అతనికి 22 ఏండ్లు. ఇక బ్యాటరీతో నడచు చిన్న బండి, అనగా ఇప్పుడు మొబిలిటీ స్కూటర్ అని పిలుచుచున్నది, 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో పుట్టినది. ఆల్ థీమీ అను ఆయన, మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల వ్యాధితో నడక కష్టమైన తన కుటుంబ సభ్యురాలి కొరకు దానిని తయారు చేసెను. ఒక బండి అవసరము అనుభవించిన వాని చేతిలో పుట్టెను. రెండవది ఆ అవసరమును ప్రతి దినము ఇంటిలో చూచిన వాని చేతిలో పుట్టెను.

ఈ స్కూటరు బొత్తిగా లేవలేని వారి కొరకు కాదు. నాలుగడుగులు వేయగలరు గాని దూరము నడువలేరు, అట్టివారి కొరకు. కుర్చీ వంటి ఆసనము, ముందు ఒక హ్యాండిలు, బుట్ట ఉండును. వేగము చురుకుగా నడచు మనిషి వేగమంత, గంటకు సుమారు 6 కిలోమీటర్లు. కొన్నింటిని నాలుగైదు భాగములుగా విప్పి కారు డిక్కీలో పెట్టవచ్చును.

మన దేశములో కాన్పూరులోనున్న ఆలిమ్కో అను ప్రభుత్వ సంస్థ 1972లో స్థాపించబడినది. 1981లో మొదలైన ఎడిప్ అను కేంద్ర ప్రభుత్వ పథకము క్రింద వికలాంగులకు ఈ సంస్థ తయారుచేయు చేతి బండ్లు, బ్యాటరీ బండ్లు అందుచున్నవి. అయితే ఇవి మన రోడ్లకు తగినట్టు చేసిన పెద్ద బండ్లు. ఓడ గదులలోనికి పోవు చిన్న స్కూటర్లు వేరు.

ఒక అమ్మగారి ప్రయాణము

గూడెము దగ్గర గ్రామములో ఏండ్ల తరబడి పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి పొందిన ఒక అమ్మగారు మాకు పరిచయస్థురాలు. ఆమెకు రెండు మోకాళ్లును అరిగినవి. టెక్సాసులోనున్న కుమారుడు గాల్వెస్టన్ ఓడరేవు నుండి ఒక వారము ఓడ ప్రయాణమునకు తీసికొని వెళ్లుదునని చెప్పినప్పుడు ఆమె ఒప్పుకొనలేదు. బండి కూడ అద్దెకు మాట్లాడితినని అతడు చెప్పగా మరింత కోపగించుకొన్నారట. “నేనేమన్నా కుంటిదాన్నా, బండెక్కి నలుగురిలో తిరగడానికి?” అని అడిగినారట. “కళ్లజోడు పెట్టుకున్నావు కదమ్మా, గుడ్డిదానివైపోయావా? ఇదీ అంతే” అన్నాడట కుమారుడు.

ఆ కుమారుని మాటలో వివేకమున్నది. పెద్ద ఓడలు 300 మీటర్లకు మించిన పొడవుండును. అనగా ఒక కొన నుండి మరియొక కొనకు ఫర్లాంగున్నర. పడుకొను గది ఒక చివర, భోజనశాల మరియొక చివర ఉన్నచో పూటపూటకు అంత దూరము నడువవలెను. ఇంటిలో గది నుండి వంటింటికి నడచువారు ఓడలో రెండవ దినమునకే మంచము పట్టుదురు. ఇక ఆ వారమంతయు గదిలోనే గడచిపోవును.

తిరిగి వచ్చిన తరువాత అమ్మగారు మాతో ఇట్లన్నారు: “ఇన్నాళ్లూ ఎవరిదో భుజం పట్టుకుని నడిచేదాన్నండి అయ్యగారూ. ఎక్కడ పడిపోతానోనని నేల తప్ప ఇంకేమీ చూసేదాన్ని కాదు. బండెక్కాక తలెత్తి సముద్రం చూశానండి. ఎవర్నీ పిలవకుండా నా అంతట నేను కాఫీకి వెళ్లి తాగొచ్చాను.”

సముద్రము చూచిన సంగతి కంటె కాఫీకి ఒంటరిగా వెళ్లివచ్చిన సంగతినే ఆమె ఎక్కువ సంతోషముతో చెప్పారు. ప్రతి దానికి ఒకరిని పిలువవలసిన స్థితి ఎంత భారమో ఆ మాటలో మాకు తెలిసినది.

అంతయు సాఫీగా జరిగినదని కాదు. గ్రాండ్ కేమన్ అను ద్వీపము వద్ద పెద్ద ఓడలు ఒడ్డుకు ఆనవు. సముద్రములోనే లంగరు వేయును. ప్రయాణికులు చిన్న పడవలలోనికి దిగి ఒడ్డుకు పోవలెను. బరువైన స్కూటరును ఆ చిన్న పడవలోనికి దించలేరు. ఆ దినమున ఆమె కోడలితో ఓడ మీదనే ఉండిపోయారు. “ముందే చెప్పారు గనక బాధ అనిపించలేదండి. అంచుదాకా తీసుకెళ్లి వెనక్కి తిప్పితే ఏడుపొచ్చేది” అన్నారు. మెక్సికోలోని కొజుమెల్ వద్దనైతే ఓడ వంతెన వంటి ధక్కాకు ఆనును గనుక, బండి మీదనే దిగి ఊరు చూచి వచ్చారు.

ముందుగా అడుగవలసినవి

కుటుంబములో ఎవరైనను ఇట్టి ప్రయాణము తలపెట్టినచో టిక్కెట్టు కొనక ముందే ఈ సంగతులు విచారించవలెను.

మొదటిది తలుపు వెడల్పు. అనేక ఓడలలో సాధారణపు గది తలుపు సుమారు 23 అంగుళములే. వికలాంగుల కొరకు కట్టిన గదుల తలుపు సుమారు 32 అంగుళములు. స్నానపు గదిలో పట్టుకొనుటకు కడ్డీలు కూడ ఉండును. అట్టి గదులు ప్రతి ఓడలోను కొన్నియే గనుక నెలల ముందే అడుగవలెను. బండిని నడవలో నిలుపుట కుదరదు. అగ్నిప్రమాదము జరిగినప్పుడు జనులందరు పారిపోవలసిన దారి అదియే.

రెండవది బ్యాటరీ. ఎటువంటి బ్యాటరీయో, ఎంత శక్తి గలదో కాగితము మీద వ్రాయించుకొనవలెను. విమానములో కూడ తీసికొని వెళ్లదలచినచో ఇది మరింత ముఖ్యము, లిథియం బ్యాటరీలకు అక్కడ హద్దులున్నవి. అమెరికాలో ఇంటి కరెంటు సుమారు 120 వోల్టులు, మనది 230. ఇక్కడి ఛార్జరు అక్కడ పనిచేయునో లేదో ముందే చూచుకొనవలెను. ఈ చిక్కులన్నిటి కంటె అక్కడనే అద్దెకు తీసికొనుట సులభము.

మూడవది రేవులు. ఏ రేవులో ఓడ ధక్కాకు ఆనును, ఎక్కడ చిన్న పడవలు వాడుదురు అని ఒక్కొక్కటిగా అడుగవలెను. ధక్కా ఉన్నచోట కూడ ఆటుపోటులను బట్టి దిగు వంతెన ఏటవాలు మారుచుండును. కొన్ని గంటలు మెట్టగా నిలిచినది, మరికొన్ని గంటలకు చదునగును. పనివారిని అడిగినచో తగిన వేళ చెప్పుదురు.

నాలుగవది ఆపద వేళ. మంటలు లేచినప్పుడు లిఫ్టులు వాడనియ్యరు. కావున మెట్లు దిగలేని వారు ఏ గదిలో ఉన్నారో ఓడ వారికి ముందే తెలియవలెను. మొహమాటముతో దాచినచో సహాయము చేయువారు ఎక్కడికి రావలెనో ఎరుగరు.

చట్టము ఏమనుచున్నది?

ఇవి దయ తలచి ఇచ్చునవి మాత్రమే కావు. 1998, 1999 సంవత్సరములలో టెక్సాసులోని హ్యూస్టన్ నుండి ఓడలో ప్రయాణించిన కొందరు వికలాంగులును వారి సహచరులును, తమకు సమానమైన సౌకర్యములు దొరకలేదని కోర్టుకు వెళ్లారు. ఆ ఓడ విదేశపు జెండాతో నడచునది గనుక అమెరికా చట్టము దానికి వర్తించదని కంపెనీ వారు వాదించారు. 2005 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఆ దేశపు నీళ్లలోనికి వచ్చు విదేశీ విహార ఓడలకు కూడ వికలాంగుల చట్టము వర్తించునని తీర్పు చెప్పినది. ఓడ భద్రతకు భంగము కలిగించు మార్పులు మాత్రము బలవంతము చేయరాదని కూడ చెప్పినది.

మన దేశములో 1995 నాటి వికలాంగుల చట్టము, ప్రభుత్వము తన ఆర్థిక స్తోమతను బట్టి రైలు పెట్టెలు, బస్సులతో పాటు ఓడలను కూడ వికలాంగులు ఎక్కుటకు వీలుగా మార్చవలెనని పేర్కొన్నది. దాని స్థానములో వచ్చిన 2016 చట్టము 2017 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చి, 21 విధములైన వైకల్యములను గుర్తించినది. రవాణా సౌకర్యములన్నియు అందరికి అందుబాటులో ఉండవలెనని చెప్పుచున్నది. తోడు లేకుండ ప్రయాణించలేని శారీరక వికలాంగులకు, వారి తోడు వెళ్లువారికి స్లీపరు తరగతిలోను థర్డ్ ఏసీలోను చార్జీలో నూటికి 75 వంతులు రైల్వే వారు తగ్గించుచున్నారు. కొంతమంది అర్హులై యుండి కూడ ఈ ధ్రువపత్రము తీసికొనలేదు.

ఓడ ప్రయాణము కొరకు అమెరికాకే పోనక్కరలేదు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అను విహార ఓడ విశాఖపట్నము నుండి యాత్రికులను పుదుచ్చేరి, చెన్నై వైపు తీసికొని వెళ్లినది. 2023 సెప్టెంబరులో విశాఖ ఓడరేవులో విహార ఓడల కొరకు ప్రత్యేక టెర్మినలు ప్రారంభమైనది. పైన చెప్పిన ప్రశ్నలు ఇక్కడ కూడ అడుగవలసినవే.

మన రేవులలో

ఓడ మాట అటుంచి మన నీళ్ల దగ్గరకు వద్దాము. కొల్లేటి లంక గ్రామములవారు ఒకప్పుడు తాటి దోనెలలోనే రాకపోకలు సాగించిరి. దోనెలో కాలు పెట్టుటయే ఒక విద్య. మోకాలు వంగనివారు అందులో దిగలేరు. గోదావరి మీద పాపికొండల బోటు ఎంత పెద్దదైనను, రేవు మెట్లు దిగి సన్నని బల్ల మీదుగానే అనేకచోట్ల ఎక్కవలెను.

అయితే నరసాపురము, సఖినేటిపల్లి రేవుల మధ్య నడచిన పంటును చూచినవారు ఒక సంగతి గమనించియుందురు. అందులోనికి మోటారు సైకిలు ఎక్కును, కారు ఎక్కును. బండి ఎక్కవలెను గనుక వెడల్పైన బల్లలు వేసినారు, చదునైన తట్టు కట్టినారు. చక్రములు గల బండిని నీటి మీదికి ఎక్కించుట మన వారికి తెలియని విద్య కాదు. మోటారు సైకిలు కొరకు చేసిన ఏర్పాటు నాయనమ్మ కొరకు చేయుటకు మనకు తోచలేదు, అంతే. నాలుగడుగుల వెడల్పు గల బల్ల, రెండు ప్రక్కల పట్టుకొనుటకు కడ్డీ, జారకుండ అడ్డు పట్టీలు ఉన్నచో చాలు. వడ్రంగి ఒక్క దినములో చేయగలడు.

మరియొక మాట. కొందరు ప్రేమతోనే పెద్దవారిని కుర్చీతో సహా ఎత్తి పడవలోనికి దించుదురు. తడి మెట్ల మీద నలుగురిలో ఒకరి కాలు జారినచో ఏమగును? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద బోటు మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిన సంగతి మనము మరువరాదు. నీటి మీద ప్రేమతో పాటు జాగ్రత్తయు ఉండవలెను. లైఫ్ జాకెట్టు ఆమెకు సరిపోవునదేనా, కూర్చున్నచోటు నుండి బయటికి దారి ఉన్నదా అని చూచిన తరువాతనే బోటు కదలనియ్యవలెను. గోదావరి పోటుమీదనున్న దినములలో ప్రయాణమే మానుకొనవలెను.

బల్ల యొద్ద చోటు

రెండు కాళ్లు కుంటివైన మెఫీబోషెతు సంగతి మనమందరము ఎరుగుదుము. దావీదు రాజు అతనికి లోదెబారునకే భోజనము పంపి ఊరకుండవచ్చును. అట్లు చేయలేదు. అతనిని పిలిపించి, తన కుమారులతో కూడ తన బల్ల యొద్ద కూర్చుండబెట్టెను. యాత్ర నుండి తిరిగి వచ్చి పెద్దవారికి మిఠాయి పొట్లము, నాలుగు ఫోటోలు ఇచ్చుట లోదెబారునకు భోజనము పంపుట వంటిది. అది మంచిదే గాని, ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట దాని కంటె మంచిది.

కావున ప్రియులారా, ఈసారి కుటుంబముగా గాని, సండే స్కూలు పిల్లలతో గాని, స్త్రీల సమాజముగా గాని యాత్రకు బస్సో బోటో మాట్లాడునప్పుడు ఆ పెద్దవారి పేరు చివర కాక మొదట వ్రాయండి. “మీరు రాగలరా?” అని అడుగవద్దు. “రాలేనులే” అనుటకు వారు ఎప్పుడును సిద్ధమే. “మీరు రావాలంటే ఏమేమి కావాలి?” అని అడుగండి. ఆ తరువాత బోటు వానికి ఫోను చేసి మెట్లెన్ని, బల్ల ఎంత వెడల్పు, కుర్చీకి చోటున్నదా అని విచారించండి. ఒక బోటు వానిని పదిమంది అడిగినచో, పదకొండవ వారు వచ్చునప్పటికి రేవులో వెడల్పైన బల్ల సిద్ధముగా ఉండును.