గాంధీ మనవడి గోడ

బడి నుంచి వస్తూ ఒక కుర్రాడు మూడంగుళాల పెన్సిల్ ముక్కను దారిలో పారేశాడు. తాతయ్య కొత్తది కొనిస్తారని వాడి ధైర్యం. ఆ తాతయ్య మహాత్మా గాంధీ. ఎక్కడ పారేశావు, ఎందుకు పారేశావు అని ఆరా తీసి, చేతికి టార్చిలైటు ఇచ్చి వెతుక్కురమ్మన్నారు. చీకట్లో చాలాసేపు వెతికితే దొరికింది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పారట: పనికొచ్చే వస్తువును పారేస్తే ప్రకృతిని హింసించినట్టు, ఉన్నవాళ్లు అక్కర్లేనంత వాడేస్తే లేనివాళ్లకు దక్కకుండా పోతుంది కాబట్టి అది మనుషులనూ హింసించినట్టే.

ఆ మనవడు అరుణ్ గాంధీ, గాంధీజీ కుమారుడు మణిలాల్ కొడుకు. 1934లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టాడు. తెల్లవాళ్లకు నల్లగా కనిపించాడని తెల్ల కుర్రాళ్లు, నల్లవాళ్లకు తెల్లగా కనిపించాడని నల్ల కుర్రాళ్లు కొట్టారు. తిరిగి కొట్టాలని కండలు పెంచుతుంటే, తల్లిదండ్రులు పన్నెండేళ్లప్పుడు తాతగారి దగ్గరకు పంపారు.

నేను ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మగా రిటైరయ్యాను. పెన్సిల్ ముక్కను పెన్ను మూతలో గుచ్చి గోరంత మిగిలేదాకా రాసే పిల్లల్ని ఎంతమందినో చూశాను. వాళ్లకు ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే పెన్సిల్ కథ కన్నా నాకు చెట్టు కథే ఇష్టం.

గాంధీజీ మనవడి చేత వంశవృక్షంలాంటిది గీయించారు. చెట్టు మొదలు హింస. దానికి రెండు కొమ్మలు: చెయ్యి చేసుకునేది ఒకటి, చెయ్యెత్తకుండానే బాధపెట్టేది ఒకటి. పగలు తాను చేసినవీ చూసినవీ రాత్రి పడుకోబోయే ముందు ఏ కొమ్మకు చెందితే ఆ కొమ్మ కింద రాయాలి. కొన్ని నెలలకే రెండో కొమ్మ గది గోడంతా పాకిపోయింది. ఆ రెండోదే మొదటిదానికి ఎరువని తాతగారి వివరణ: అవమానపడ్డవాడికి కోపం వస్తుంది, ఆ కోపమే చివరికి చెయ్యెత్తిస్తుంది.

మా ఐదో తరగతిలో చార్టు మీద నేనూ ఈ చెట్టు గీయించాను. కొట్లాటలతో నిండిపోతుందనుకుంటే, ‘డబ్బా వాసనొస్తోందని పక్కన కూర్చోలేదు’, ‘నల్లపిల్లా అని పిలిచారు’, ‘ఆటలో చేర్చుకోలేదు’ లాంటివే ఎక్కువ పడ్డాయి. ఇన్‌స్పెక్షనుకొచ్చిన అధికారి చార్టు చూసి, ఇది ఏ సబ్జెక్టు కిందకొస్తుందని అడిగారు.

అరుణ్ పెద్దయ్యాక ఇండియాలో నర్సు సునందను పెళ్లాడారు. ఆమెను దక్షిణాఫ్రికా ప్రభుత్వం రానివ్వలేదు. దాంతో ఇక్కడే ఉండిపోయి ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’లో విలేకరిగా పనిచేశారు. ఒకసారి బొంబాయి రేవులో, వర్ణవివక్షను సమర్థించే పార్టీకి చెందిన దక్షిణాఫ్రికా ఎంపీ ఒకాయన ఎదురుపడ్డారు. తిట్టిపోయాలనిపించిందట. తిట్టకుండా చెయ్యి కలిపి, భార్యాభర్తలిద్దరూ ఆ దంపతులకు దగ్గరుండి ఊరంతా చూపించారు. నేనైతే మొహం తిప్పుకుని వెళ్లిపోయేదాన్ని. వీడ్కోలప్పుడు ఆ దంపతులు కన్నీళ్లు పెట్టుకున్నారనీ, స్వదేశం వెళ్లాక ఆ ఎంపీ వర్ణవివక్షకు ఎదురు మాట్లాడి సొంత పార్టీ నుంచి వెలివేతకు గురయ్యారనీ అరుణ్ చెప్పుకున్నారు.