డాగ్ అనగా కుక్కయేనా?

ఇంగ్లీషు నేర్వనారంభించిన బాలుడు తొలివారములోనే పట్టుకొను మాటలలో ‘డాగ్’ ఒకటి. డాగ్ అనగా కుక్క, క్యాట్ అనగా పిల్లి. ఇంతటితో ఆ మాటల సంగతి ముగిసినదని పిల్లలే కాదు, పెద్దలమైన మనమును అనుకొందుము. కాని ఆ బాలుడే పెరిగి పెద్దవాడై యంత్రశాలలో అడుగుపెట్టినప్పుడో, ఓడలో ఉద్యోగమునకు చేరినప్పుడో, ఒక ఇంగ్లీషు నవల చేతపట్టినప్పుడో, ఆ చిన్నమాట ఎదురై అతనిని తికమక పెట్టును.

ఒక ఉదాహరణము చూతము. లేత్ మిషనుపై పనిచేయువారికై ఇంగ్లీషులో వ్రాసిన సూచనలను తెలుగు చేయవలసివచ్చినదనుకొనుడు. ‘యంత్రము తిరుగుచున్నప్పుడు చొక్కా చేతులను డాగ్‌కు దూరముగా ఉంచవలెను’ అని అందులో నున్నది. నిఘంటువులోని మొదటి అర్థమును గ్రహించి, ‘కుక్కకు దూరముగా ఉంచవలెను’ అని వ్రాసినచో చదివినవాడు నవ్వి పుట తిప్పును. ఆ నవ్వులో అసలు హెచ్చరిక మునిగిపోవును. లేత్ మిషనుకు డాగ్ అనగా ఒక ఇనుపపట్టు. అది తిప్పవలసిన కడ్డీని మరతో బిగించి పట్టుకొని, తిరుగుచున్న పళ్లెముతోపాటు ఆ కడ్డీని కూడ త్రిప్పును. పాతరకపు పట్టులో మరతల బయటికి పొడుచుకొని యుండును. వదులుగా వ్రేలాడు చొక్కా చేయి దానికి తగులుకొన్నచో మనుష్యుని చేయి కూడ లోనికి పోవును. ఒక మాటకు తప్పుడర్థము చెప్పుట నవ్వులాటతో ముగియదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

ఆ ఇనుపముక్కకు కుక్కపేరు ఏల వచ్చినది? కుక్క కఱచి పట్టినచో తేలికగా విడువదు. ఆ పట్టుదలను చూచియే దుంగలను పట్టి లాగు కొంకులకును, దూలములను కలిపి బిగించు ఇనుపబద్దలకును కూడ ఇంగ్లీషువారు డాగ్ అనియే పేరిడిరి. చలిదేశములలో ఇంటి పొయ్యిలో కట్టెలు నేలకంటక ఉండుటకై క్రింద అమర్చు ఇనుపకాళ్లను ‘ఫైర్ డాగ్స్’ అందురు. నిప్పు ముందు కాళ్లు చాచి కూర్చున్న కుక్కలను అవి తలపించును. ఫ్రెంచివారు కూడ వానిని తమ భాషలోని కుక్క అను మాటనుండి పుట్టిన పేరుతోనే పిలుచుట గమనింపదగినది.

పేరుగా మాత్రమే కాక క్రియగా కూడ ఈ మాట వాడబడును. ఒకని అడుగు విడువక వెంటాడుటను ‘డాగ్’ చేయుట అందురు. పుస్తకములో పుట మూల మడతపడినచో అది ‘డాగ్ ఇయర్’, అనగా వ్రాలిన కుక్కచెవి. సైనికుడు మెడలో ధరించు గుర్తింపు బిళ్లకు ‘డాగ్ ట్యాగ్’ అని పేరు. కుక్కమెడలోని బిళ్లతో దానికిగల పోలికయే ఇందుకు కారణము.

మొక్కల పేర్లలో ఈ మాట కొంత చిన్నచూపును తెలుపును. వాసనలేని ఒక జాతి వయొలెట్ పువ్వును ‘డాగ్ వయొలెట్’ అందురు. ఇది మనకు క్రొత్త కాదు. పూజకు పనికివచ్చు తులసి యొకటి, కుక్కతులసి యొకటి. వానకు తడియకుండ మనము పట్టుకొనునది గొడుగు, వానకు పెంటపై మొలచునది కుక్కగొడుగు. ఈ విషయమున రెండు జాతుల మనసులును ఒకేత్రోవ నడచినవి.

అన్నిచోట్లను అట్లు నడువవు. ‘డాగ్ డేస్’ అను మాటను చూడుడు. వానిని ‘కుక్కదినములు’ అని తెలిగించినచో తెలుగువానికి దుర్దినములను భావమే తోచును. నిజమునకు అవి ఐరోపాలో జూలై, ఆగస్టు మాసములనాటి మండువేసవి దినములు. ఆకాశమున అన్నిటికన్న ప్రకాశవంతమైన నక్షత్రము సిరియస్. గ్రీకులు, రోమనులు దానిని కుక్కచుక్కగా భావించిరి. ఆ చుక్క సూర్యోదయమునకు కొంచెము ముందుగా తూర్పున తిరిగి కనబడనారంభించు కాలమును వేసవితాపముతో ముడిపెట్టిరి. వేడిమికి ఆ చుక్క కారణము కాదు. అది మనకు సుమారు 8.6 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. అయినను పేరు నిలిచిపోయినది. ఆ నక్షత్రమే మన జ్యోతిషమున మృగవ్యాధుడు, అనగా వేటగాడు. మనకు ఎండలకు పేరుపడినది రోహిణీకార్తె. రోహిణిలో రోళ్లు పగులునని సామెత. డాగ్ డేస్ అను మాట వచ్చినచోట తెలుగువానికి తగులవలసినది ఆ సెగయే కాని కుక్క కాదు.

ఓడలోని ‘డాగ్ వాచ్’ మరియొక చిత్రము. నావికులు దినమును నాలుగేసి గంటల కావళ్లుగా విభజింతురు. అట్లు ఆరు కావళ్లగును. రెండు జట్లు వంతులవారీగా కాయుచున్నచో ప్రతిరాత్రియు ఒకే జట్టునకు అవే గంటలు వచ్చును. ఈ అన్యాయమును తొలగించుటకై సాయంకాలము 4 గంటలనుండి 8 గంటలవరకు గల కావలిని రెండుగా చీల్చిరి. కావళ్లు ఏడగుటచే వంతులు దినదినమును మారును. ఆ రెండుగంటల కావళ్లే డాగ్ వాచ్‌లు. వానిలో కుక్కకు పనియే లేదు.

ఇన్ని వేషములు వేసిన ఈ మాట పుట్టుక ఏమి? ప్రాచీనాంగ్లమున కుక్కకు సామాన్యనామము ‘హుండ్’. ‘డొగ్గ’ అనునది అరుదుగా కనబడు మాట. దాని మూలమును పండితులు నేటికిని తేల్చలేదు. అయినను 16వ శతాబ్దినాటికి ఆ ఊరుపేరులేని మాటయే పెద్దపీట నెక్కినది. హుండ్ అనునది హౌండ్‌గా మారి వేటకుక్కకు మాత్రము పరిమితమైనది. అట్లు ప్రక్కకు నెట్టబడిన హౌండ్ మనకు దూరపు చుట్టము. సంస్కృతమునుండి మనము గ్రహించిన శ్వానము, గ్రీకు భాషలోని క్యూఓన్, లాటిను భాషలోని కానిస్, జర్మను భాషలోని హుండ్, ఇవి యన్నియు ఒకే కుదుటివి. సంస్కృత శకారమున్నచోట ఇంగ్లీషున హకారము కనబడుట, శతము, హండ్రెడ్ అను జంటయందును చూడవచ్చును.

వినికిడిని నమ్మినచో ఈ చుట్టరికము తెలియదు. అంతేకాదు, లేని చుట్టరికము ఉన్నట్లు తోచును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మాట్లాడబడిన ఎంబబరమ్ అను ఆదివాసి భాషలో కుక్కను ఇంచుమించుగా ‘డోగ్’ అనియే అనెడివారు. భాషాశాస్త్రజ్ఞుడు డిక్సన్ 1960వ దశకమున ఆ భాషను పరిశీలించి, ఆ మాట ఇంగ్లీషునుండి వచ్చినది కాదనియు, ‘గుడగ’ అను ప్రాచీనరూపము క్రమముగా అరిగి అట్లైనదనియు చూపెను. పోలిక కేవలము కాకతాళీయము.

కుక్కను మనుష్యుడు ఎంత నమ్మెనో అంత నిందించెను కూడ. ఇంగ్లీషున డాగ్ అనుట తిట్టు. ప్రజాధనమును కనిపెట్టియుండు సంస్థను ‘వాచ్ డాగ్’ అనుట గౌరవము. పోరులో క్రిందపడిన బలహీనుని ‘అండర్ డాగ్’ అని జాలితో అందురు. మన భాషలోను కుక్క అనుట తిట్టే. కాని మహాప్రస్థానమున తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కాలు పెట్టనని ధర్మరాజు నిలిచిన కథను మనమే తరతరములుగా చెప్పుకొనుచున్నాము.

కావున తెలియని సందర్భమున ఈ మాట ఎదురైనప్పుడు, దాని అర్థమేమని అడుగుటకు ముందు, అది ఇచ్చట ఏమి పని చేయుచున్నదని అడుగుట మేలు. పట్టుకొనుచున్నదా? వెంబడించుచున్నదా? కావలి కాయుచున్నదా? ప్రక్కనున్న మాటలు ఏ వృత్తికి చెందినవి? జవాబు దొరికిన పిమ్మట ఆ పని చేయువారు తెలుగున దానినేమందురో విచారింపవలెను. వారు డాగ్ అనియే అనుచున్నచో అదియే వ్రాసి, అది బిగించి పట్టు ఇనుపముక్క యని ఒక్క వాక్యమున చెప్పినచో చాలును. ఆ ఒక్క వాక్యము యంత్రము ముందు నిలిచినవాని చేతిని కాపాడవచ్చును.