పడక కుర్చీ సైకిలు

వరండాలో తాతగారు పడక కుర్చీలో వాలి పత్రిక చదువుకుంటూ ఉంటారు. ఆ కుర్చీకి ముందొక చక్రం, వెనకొక చక్రం తగిలించి, కాళ్ళకు ఎదురుగా పెడల్సు అమర్చితే ఎట్లా ఉంటుంది? నవ్వులాటగా తోస్తుంది. కాని అటువంటి సైకిలు నిజంగానే ఉన్నది.

ఫ్రాన్సు దేశంలో షార్ల్ మోషే అనే ఆయన చిన్న కార్లు తయారుచేసేవాడు. ఆయన కొడుకు జార్జి బండి కావాలని అడిగాడు. సైకిలు మీదనుంచి పడిపోతాడేమోనని తల్లి భయపడింది. అందుచేత మోషే వాడికి నాలుగు చక్రాల తొక్కుడుబండి చేసి ఇచ్చాడు. జార్జి దానిమీద మామూలు సైకిళ్ళను కూడా దాటిపోసాగాడు! తరవాత మోషే ఆ బండిని నిలువునా రెండుగా చీల్చినట్టు, రెండు చక్రాలతో ఒక సైకిలు చేశాడు.

1933 జూలై 7న పారిస్ నగరంలో ఫ్రాన్సిస్ ఫోర్ ఆ సైకిలు తొక్కి, ఒక్క గంటలో 45.055 కిలోమీటర్లు పోయాడు. 1914 నుంచి నిలిచి ఉన్న 44.247 కిలోమీటర్ల రికార్డు దెబ్బతిన్నది. కాని 1934లో అంతర్జాతీయ సైకిలు సంఘం, ఇటువంటి వాటిని మామూలు పందాలలోకి రానివ్వరాదని తీర్మానించింది. ఆ ఏడే మోషే చనిపోయాడు.

ఇంతకూ దానికి అంత వేగం ఎట్లా వచ్చింది? వెనక్కు వాలినవాడికి ఎదురుగాలి తక్కువ తగులుతుంది. మరి వాలి కూచున్నవాడు పెడల్ను గట్టిగా తొక్కగలడా? ఒక ప్రయోగం చేసి చూడండి.

నున్నని గచ్చుమీద కూచుని, ఎదురుగా ఉన్న బియ్యపు బస్తాను కాళ్ళతో నెట్టండి. బస్తా కదలదు, మీరే వెనక్కు జారిపోతారు. ఇప్పుడు వీపు గోడకు ఆనించి నెట్టండి. బస్తా కదులుతుంది. మీరు గోడను ఎంత బలంగా నెడితే, గోడ మిమ్మల్ని అంత బలంగా ముందుకు నెడుతుంది. ఈ సైకిలుకు సీటు వీపే గోడ!

అందుకే సీటు బిగించటం చాలా జాగ్రత్తగా చెయ్యాలి. సీటు అడుగుభాగాన్ని చట్రానికీ, వీపుభాగాన్ని వెనకనుంచి ఊతమిచ్చే కడ్డీలకూ బోల్టులతో కలుపుతారు. మొదట నట్లన్నీ వదులుగా ఎక్కించి, సీటు వంకర లేకుండా సరిచూడాలి. తరవాత పానాతో ఇటు కొంత, అటు కొంత బిగించాలి. ఒక వైపే పూర్తిగా బిగిస్తే సీటు పక్కకు లాగుతుంది.

తరవాత దూరం చూడాలి. పెడల్ బాగా ముందుకు పోయినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. సీటు దూరమైతే నడుము జారుతుంది; దగ్గరైతే మోకాళ్ళు నొప్పిపెడతాయి. కొత్తవాళ్ళు సీటును మరీ వాల్చరాదు, దారి సరిగా కనపడాలి గదా!

ఆఖరుకు బ్రేకు పట్టుకుని, పక్కన ఒకరు సైకిలును ఆపి ఉంచగా, పెడల్ను తన్ని వీపుతో సీటును గట్టిగా నెట్టి చూడాలి. సీటు ఏ మాత్రం కదిలినా మళ్ళీ బిగించవలసిందే. మోషే మొదటి బండి చేసింది పందెం కోసం కాదు, కొడుకు పడిపోకుండా ఉండాలని. పానా పట్టినవాళ్ళు ఆ సంగతి మరవరాదు.