తల్లిదండ్రుల పెంపక పరిజ్ఞానం: కొలమానం, పరిమితి

పిల్లల ప్రవర్తనా సమస్యలను చక్కదిద్దే మెళకువలు తల్లిదండ్రులకు ఎంతవరకు తెలుసో కొలిచేందుకు ఓడెల్ బృందం 1979లో 50 బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్షను ప్రకటించింది. అది ప్రవర్తనావాద సూత్రాలకే పరిమితం. వింటర్, మొరావ్‌స్కా, శాండర్స్ 2012లో వెలువరించిన 28 ప్రశ్నల మాపని పిల్లల వికాసాన్ని, సమస్యల కారణాలను కూడా పరిగణించింది.

ఇటువంటి పరీక్షలు కొలిచేది పరిజ్ఞానాన్నే, ఆచరణను కాదు. మారాంకు లొంగితే మారాం బలపడుతుందని సరైన జవాబు గుర్తించిన తల్లే దుకాణంలో నలుగురి ఎదుట లొంగిపోవచ్చు. అందువల్ల శిక్షణానంతరం మార్కులు పెరిగినంత మాత్రాన పెంపకం మారిందని నిర్ధారించలేం. తల్లీబిడ్డల వ్యవహారాన్ని ప్రత్యక్షంగా పరిశీలించడమూ అవసరం.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘టైమ్ అవుట్’ను ‘శిక్ష’గా అనువదిస్తే ప్రశ్న కొలిచే అంశమే మారిపోతుంది. బిడ్డను కొద్దిసేపు ఇతరుల దృష్టికి, ఆటపాటలకు దూరంగా ఉంచడమే దాని అర్థం.

పరిమితులున్నా ఈ కొలత నిరర్థకం కాదు. తెలియక చేయనివారిని, తెలిసీ చేయలేనివారిని వేరుపరచడానికి అది తోడ్పడుతుంది. మొదటివారికి బోధన కావాలి. రెండవవారికి అభ్యాసం, ఆసరా కావాలి.