ఐడిల్‌లో బండి ఎందుకు వణుకుతుంది?

మన ఫార్మింగ్టన్ హిల్స్‌లో చలి ముదిరిందంటే వినబడే ఫిర్యాదు ఒకటుంది. "ఐ-696 మీద బండి బ్రహ్మాండంగా పోతోందండీ, ఆర్చర్డ్ లేక్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం వణుకుతోంది, ఒక్కోసారి ఆగిపోతోంది. ఏ పార్టు మార్చాలి?" అని. ఇప్పుడే ఏ పార్టూ మార్చకండి. ముందు ఇంజను ఏ దారిన గాలి పీలుస్తోందో చూడాలి. అలాగని వాయిదా కూడా వెయ్యకండి. ఎడమ పక్కకి తిరుగుతూ రోడ్డు మధ్యలో ఇంజను ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, కాసేపటికి బ్రేకు కూడా గట్టిపడుతుంది.

ఆక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు థ్రాటిల్ రేకు దాదాపు మూసుకునే ఉంటుంది. ఇంజను ఆగిపోకుండా కావలసిన కాస్త గాలినీ పాత బళ్ళలో ఐడిల్ వాల్వు పక్కదారిన పంపేది. ఇప్పటి బళ్ళలో కంప్యూటరే ఆ రేకుని రవ్వంత తెరుస్తుంది. వేడెక్కిన ఇంజను సాధారణంగా నిమిషానికి 600 నుంచి 800 చుట్లు తిరుగుతుంది. చలిలో స్టార్టు చెయ్యగానే 1200 దాటితే అది జబ్బు కాదు.

వచ్చే గాలిని చాలా బళ్ళలో మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ కొలుస్తుంది, ఆ లెక్కన ఇంజెక్టర్లు గ్యాసు చిమ్ముతాయి. సెన్సర్ దాటాక ఏ రబ్బరు గొట్టమో పగిలిందనుకోండి, లెక్కకి రాని గాలి దొడ్డిదారిన దూరుతుంది. ఐడిల్‌లో ఇంజను పీల్చేదే కొంచెం, అందులో ఆ చిల్లు వాటా పెద్దది. ఫ్రీవే మీద అదే చిల్లు సముద్రంలో చెంబుడు నీళ్ళు. సిగ్నల్ దగ్గరే గోల చెయ్యడానికి కారణం ఇదే.

దీన్ని పట్టుకోవడం తేలిక. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన కార్లకి డాష్‌బోర్డు కింద ఓబీడీ-2 సాకెట్టు ఉంటుంది. చవకరకం స్కానర్ చాలు, కానీ కోడ్లతో పాటు ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూపించేది కొనండి. కంప్యూటరు తన లెక్కకి మించి ఎంత శాతం గ్యాసు కలుపుతోందో అవి చెబుతాయి. ఇంజను వేడెక్కాక షార్ట్, లాంగ్ రెండూ కూడి ఐడిల్‌లో ఒకసారి, 2500 చుట్ల దగ్గర ఒకసారి చూడండి. ఐడిల్‌లో ప్లస్ 20 ఉన్నది 2500 దగ్గర 3కి దిగితే దొడ్డిదారి గాలే. బండి మీద భారం పెరిగేకొద్దీ అంకె పెరిగితే సెన్సర్ మురికో, పెట్రోలు పంపు నీరసమో. అంకెలు బాగానే ఉండి చుట్లు మాత్రం పడిపోతుంటే థ్రాటిల్ రేకు అంచున మసి పేరుకుందేమో చూడండి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేకుండా ప్రెషర్ సెన్సర్ మీద నడిచే బళ్ళలో కథ తిరగబడుతుంది, చిల్లు పడితే ఐడిల్ పెరుగుతుంది.

బాష్ కంపెనీ ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం మన ఊళ్ళోనే ఉంది కదా, ఆ కంపెనీ 1967లో తెచ్చిన డి-జెట్రానిక్ ఇలా ప్రెషర్ కొలిచే రకమే.

చలికాలంలో ఇంకో తిరకాసుంది. బ్యాటరీ చచ్చి కొత్తది వేయిస్తారు, మర్నాటి నుంచి ఐడిల్ పాడవుతుంది. కొత్త బ్యాటరీ తప్పేం లేదు. పేరుకున్న మసికి తగ్గట్టు రేకుని ఎంత తెరవాలో కంప్యూటరు నేర్చుకుని పెట్టుకుంటుంది. కరెంటు పోగానే చాలా బళ్ళలో ఆ పాఠం చెరిగిపోతుంది, కోడ్లు కూడా. అందుకే వైరు పీకేముందు కోడ్లు రాసి పెట్టుకోండి. మసి తుడిచాక మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో ఐడిల్ మళ్ళీ నేర్పించాలి.

మన మిషిగన్‌లో కార్లకి పొగ పరీక్ష లేదు, చెక్ ఇంజన్ లైటు నెలల తరబడి వెలిగినా అడిగే నాథుడు ఉండడు. ఆ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం మిస్‌ఫైర్, వెంటనే పక్కకి ఆపండి.

ఈ పరీక్షలన్నీ డ్రైవ్‌వేలో చెయ్యండి. చలిగా ఉందని గరాజ్‌లో వద్దు, తలుపు ఎత్తి ఉంచినా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, గరాజ్ నుంచి ఇంట్లోకి పాకుతుంది. చిల్లు కోసం వేడి ఇంజను మీద క్లీనర్ స్ప్రే కొట్టడం కూడా మానండి, భగ్గుమంటుంది. షాపులో పొగ ఎక్కించి చూస్తారు, చిల్లున్న చోటునుంచి పొగ బయటికొస్తుంది. అక్కర్లేని పార్టు కొనడం కంటే ఆ పరీక్షకి డబ్బు పెట్టడం మేలు.