మోషన్స్ అయితే నీళ్లు ఆపేయాలా? కలరా చెప్పిన నిజం | ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

ఇంట్లో ఎవరికైనా మోషన్స్ పట్టుకుంటే పెద్దవాళ్లు ఏమంటారు? "నీళ్లు తాగకు, ఇంకా ఎక్కువవుతాయి" అంటారు కదా. ఆ మాట ప్రాణం మీదకి తేవచ్చు. ఎందుకో కలరాతో అర్థం చేసుకుందాం.

కలరాకి కారణం విబ్రియో కలరే అనే బ్యాక్టీరియా. మలం కలిసిన నీళ్లు, తిండి ద్వారా కడుపులోకి వెళ్తుంది. ఇది పేగుని కొరికి తినదు. చిన్నపేగు గోడకి అతుక్కుని ఒక విషం వదులుతుంది, అంతే. ఆ విషం వల్ల పేగు కణాలు ఆగకుండా లవణాల్ని బయటికి తోసేస్తాయి. వాటి వెనకే ఒంట్లోని నీళ్లూ వచ్చేస్తాయి. అందుకే విరేచనం బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది. వైద్యం అందకపోతే కొన్ని గంటల్లోనే మనిషి పోవచ్చు.

ఈ విషం ఉందని కుందేళ్ల పేగులపై ప్రయోగాలు చేసి 1959లో చూపించింది మన కోల్‌కతా సైంటిస్టు శంభునాథ్ డే.

ఇప్పుడు అసలు పాయింట్. పేగులో ఇంకో దారి ఉంది. గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళ్లే దారి. కలరా విషం దాన్ని మూయలేదు. ఆ జంట వెళ్తే వెనకే నీళ్లూ లోపలికి వెళ్తాయి. ఓఆర్ఎస్ పనిచేసేది అలాగే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం టైమ్‌లో పశ్చిమ బెంగాల్ బన్‌గావ్‌లో శరణార్థులకి కలరా సోకింది. సెలైన్ సీసాలు చాల్లేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ టీమ్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లని డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే తాగించింది. నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట ఆ సంఖ్య 4 లోపుకి పడిపోయింది!

మరి మనం ఏం చేయాలి? ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నిట్లోనే, ప్యాకెట్ మొత్తం కలపండి. సగం సగం వద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరక్కపోతే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి వేయండి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. కూల్‌డ్రింకులు, తియ్యటి డబ్బా జ్యూసులు ఓఆర్ఎస్ కావు.

కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, మనిషి మత్తుగా ఉన్నా, మలంలో రక్తం పడినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. దారిలో కూడా ఓఆర్ఎస్ ఆపొద్దు.

ఇది మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ముఖ్యంగా ఆ "నీళ్లు తాగకు" అనే వాళ్లకి.