అలసట పోదు.. దాగుతుంది!
కాఫీ, టీలకు మోతాదే కాదు, వేళా ముఖ్యమే

తెల్లవారుజామున పాల ప్యాకెట్లు దిగింది మొదలు రాత్రి సెకండ్ షో వదిలే వరకు తెలుగునాట టీకొట్టు పొయ్యి ఆరదు. పరీక్షలు దగ్గర పడితే విద్యార్థుల గదుల్లోకి ఫ్లాస్కులు చేరతాయి. జాతీయ రహదారుల పక్కన దాబాల్లో అర్ధరాత్రి లారీ ఆపిన డ్రైవరు ఓ స్ట్రాంగ్ టీ తాగి మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటాడు. కాఫీ, టీ ఓపికనిస్తాయన్నది అందరి నమ్మకం. శాస్త్రం చెప్పేది కొంచెం వేరు. వాటిలోని కెఫీన్ శరీరానికి శక్తినివ్వదు. అలసిపోయామన్న కబురు మెదడుకు అందకుండా అడ్డుపడుతుంది, అంతే. ఈ తేడా గ్రహిస్తే ఎవరు, ఎంత, ఏ వేళ తాగవచ్చునో తేలిగ్గా బోధపడుతుంది.

మెదడులో జరిగేదేమిటి?

కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను 1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్‌లీబ్ రూంగె వేరు చేశారు. ఆ గింజలను చేతికిచ్చి పరీక్షించి చూడమన్నది మహాకవి గోథే కావడం విశేషం. 1827లో తేయాకు నుంచి తీసిన పదార్థానికి ‘థీన్’ అని వేరే పేరు పెట్టారు గానీ, రెండూ ఒకటేనని తరువాత తేలింది. కాబట్టి కాఫీ మానేసి టీకి మారినవారు మోతాదు తగ్గించుకున్నారే తప్ప కెఫీన్‌ను వదిలించుకోలేదు.

మనిషి మేల్కొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంటుంది. నాడీకణాల మీది గ్రాహకాలకు అది అతుక్కున్నప్పుడు ‘ఇక చాలు, విశ్రమించు’ అన్న సంకేతం వెలువడుతుంది. కెఫీన్ అణువు ఆకృతిలో అడినోసిన్‌ను పోలి ఉంటుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్లుగా ఆ గ్రాహకాలను ముందే ఆక్రమిస్తుంది. అడినోసిన్ వచ్చినా కూర్చునే చోటుండదు. నిద్రమత్తు తెలియదు. చురుకుదనం, ఏకాగ్రత పెరుగుతాయి. ఇది భ్రమేమీ కాదు, కొన్ని గంటలపాటు నిజంగానే పెరుగుతాయి. అయితే అడినోసిన్ ఎక్కడికీ పోదు. పోగవుతూనే ఉంటుంది. కెఫీన్ సీటు ఖాళీ చేయగానే అంతవరకు నిలబడ్డదంతా వచ్చి కూలబడుతుంది. కాఫీ ‘దిగిపోయాక’ వచ్చే నిస్త్రాణకు కారణం ఇదే.

తాగిన అరగంట నుంచి గంటలోపు రక్తంలో కెఫీన్ గరిష్ఠ స్థాయికి చేరుతుంది. దాన్ని విచ్ఛిన్నం చేసేది కాలేయం. ఆరోగ్యవంతులైన పెద్దల్లో అందులో సగం తొలగడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదకొండింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుందన్నమాట. ఇది సగటు మాత్రమే. వంశపారంపర్య లక్షణాలను బట్టి కొందరిలో త్వరగా, కొందరిలో చాలా నెమ్మదిగా తొలగుతుంది. పొగ తాగేవారిలో దాదాపు రెట్టింపు వేగంతో పోతుంది. సిగరెట్ మానేశాక, ఎప్పుడూ తాగే కాఫీయే కొందరిలో గుండెదడ తెప్పించడానికి ఇదొక కారణం. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో ఇందుకు భిన్నంగా చాలా ఆలస్యమవుతుంది.

‘రాత్రి కాఫీ తాగినా హాయిగా నిద్రపడుతుంది’ అని ధీమాగా చెప్పేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. నిద్ర పట్టడం వేరు, చాలినంత నిద్ర దక్కడం వేరు. పడకకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. అది పెద్ద మోతాదే, నాలుగు కప్పుల చిక్కటి కాఫీకి సమానం. కానీ రాత్రంతా చదవాలని ఫ్లాస్కు పక్కన పెట్టుకునే విద్యార్థికి ఆ లెక్క చేరడం కష్టమేమీ కాదు. పగలు చదివింది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే. ఆ నిద్రను కుదించుకుని చదివే చదువు పరీక్ష హాలులో ఏ మేరకు అక్కరకొస్తుందో తల్లిదండ్రులు కూడా ఆలోచించాలి.

డ్రైవర్ల విషయంలో ప్రమాదం మరింత దగ్గరగా ఉంటుంది. టీ తాగిన వెంటనే వాహనం ఎక్కితే తొలి అరగంట దాని ప్రభావం పూర్తిగా ఉండదు. ఆ అరగంటలోనే కన్ను మూతపడవచ్చు. బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో డ్రైవింగ్‌ను పోలిన పరికరంపై జరిపిన ప్రయోగాల్లో, కెఫీన్ తీసుకుని పదిహేను నిమిషాలు కునుకు తీసిన వారిలో పొరపాట్లు బాగా తగ్గాయి. టీ తాగి, వాహనం సురక్షితమైన చోట నిలిపి, కాసేపు కన్నుమూసి లేవడం ఇందులోని కిటుకు. ఇదీ గంటో రెండు గంటలో గట్టెక్కించే ఉపాయమే. రెండు రాత్రులు నిద్రలేని మనిషిని ఎన్ని టీలూ కాపాడలేవు.

ఏ కప్పులో ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటరాదన్నది ఆ సంస్థ సూచన. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఆరోగ్యవంతులైన పెద్దలకు 400 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదంది. హోటల్ కప్పులు చిన్నవి కాబట్టి నాలుగైదు టీలు తాగేవారు సాధారణంగా హద్దులోనే ఉంటారు. పెద్ద స్టీలు గ్లాసుతో కాఫీ తాగేవారే లెక్క చూసుకోవాలి.

గింజ రకాన్ని బట్టి కూడా మోతాదు మారుతుంది. రోబస్టా గింజల్లో అరబికా కన్నా దాదాపు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ అరబికా జాతిదే. కాఫీ పొడిలో కలిపే చికోరీ ఒక వేరు, అందులో కెఫీన్ ఉండదు. చికోరీ ఎక్కువైన కొద్దీ రంగు చిక్కబడుతుందే గానీ కెఫీన్ తగ్గుతుంది. నల్లగా ఉన్నదల్లా ఘాటైన కాఫీ అనుకోవడం పొరపాటు.

ఇటీవలి కాలంలో కిరాణా దుకాణాల్లో సైతం దొరుకుతున్న ఎనర్జీ డ్రింకుల సంగతి వేరు. వీటిలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్యే కెఫీన్ ఉండాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన. అంటే పావు లీటరు డబ్బాలో గరిష్ఠంగా 75 మిల్లీగ్రాములు. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడరాదని సీసా మీద ముద్రించాలి కూడా. ఆ అక్షరాలు ఎంత చిన్నవో కొన్నవారికి తెలుసు. కాఫీ వేడిగా ఉంటుంది గనుక చప్పరిస్తూ తాగుతారు. తీపి, చల్లదనం వల్ల ఈ సీసా ఆటల మధ్య రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. బరువు తక్కువ కాబట్టి పెద్దలకు మామూలైన మోతాదు పిల్లలకు ఎక్కువవుతుంది. గుండె వేగం, ఆందోళన, నిద్రలేమి వారిలో త్వరగా కనిపిస్తాయి.

అన్నం తిని టీ తాగితే..

భోజనం కాగానే టీ తాగే అలవాటు చాలామందికి ఉంది. ఇందులో తప్పు కెఫీన్‌ది కాదు. టీ, కాఫీల్లో ఉండే టానిన్ వంటి పదార్థాలు ఆకుకూరలు, పప్పులలోని ఇనుమును పట్టుకుని రక్తంలోకి చేరనివ్వవు. 1983లో వెలువడిన ఒక అధ్యయనంలో భోజనంతోపాటు కాఫీ తాగినవారిలో ఇనుము గ్రహణం 39 శాతం, టీ తాగినవారిలో 64 శాతం తగ్గింది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏ ఇబ్బందీ కలిగించలేదు. గంట తరువాత తాగిన కాఫీ మాత్రం భోజనంతో కలిపి తాగినంత నష్టమే చేసింది. భోజనానికి ముందు, తరువాత కనీసం గంట వ్యవధి ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. తరువాతి వ్యవధి ఇంకాస్త ఎక్కువైతే మరీ మంచిది.

ఇది చిన్న విషయంగా కొట్టిపారేయడానికి వీల్లేదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చిన ఐరన్ మాత్రను టీతో మింగితే ఆ మాత్ర చాలావరకు వృథా అయినట్లే. మంచినీళ్లతో, వీలైతే నిమ్మరసంతో వేసుకోవాలి. పసిపిల్లలకు టీలో బిస్కెట్టు ముంచి పెట్టే అలవాటును కూడా మానుకోవాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఉదయం దాన్ని మింగిన వెంటనే కాఫీ తాగితే మందు సరిగా ఒంటబట్టదు. అరగంట నుంచి గంట ఆగడం అవసరం.

గర్భిణులకు హద్దు తక్కువ

గర్భం పెరుగుతున్న కొద్దీ కెఫీన్‌ను తొలగించే శక్తి కాలేయంలో మందగిస్తుంది. మామూలుగా ఐదు గంటల్లో తగ్గే సగం, చివరి నెలల్లో పదిహేను గంటల వరకు నిలిచిపోవచ్చు. కెఫీన్ మాయను దాటి శిశువును చేరుతుంది. దాన్ని విచ్ఛిన్నం చేసే ఏర్పాటు గర్భస్థ శిశువుకు ఉండదు. అధిక మోతాదుకు, గర్భస్రావానికి, తక్కువ బరువుతో కాన్పుకు సంబంధం ఉన్నట్లు అధ్యయనాల్లో కనిపించింది. అందుకే రోజుకు 300 మిల్లీగ్రాములు దాటే గర్భిణులు తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బ్రిటన్ ఆరోగ్య సేవల విభాగం 200 వద్దే గీత గీసింది. ఇంటి లెక్కలో చెప్పాలంటే ఒకటిన్నర కప్పు డికాషన్ కాఫీ చాలు, ఆపైన వద్దు. వింత ఏమిటంటే, నెలలు నిండకుండా పుట్టి మధ్యమధ్య ఊపిరి ఆగే శిశువులకు వైద్యులు ఇచ్చే మందు కూడా కెఫీనే. మెదడులోని శ్వాస కేంద్రాన్ని అది మేల్కొల్పుతుంది. ఆ మోతాదును ఆసుపత్రిలో మిల్లీగ్రాముల్లో తూచి ఇస్తారు.

గుండె, మధుమేహం మాటేమిటి?

అలవాటు లేనివారు కాఫీ తాగితే రక్తపోటు కొద్దిసేపు పెరుగుతుంది. రోజూ తాగేవారిలో ఈ ప్రభావం చాలావరకు తగ్గిపోతుంది. బీపీ చూపించుకునే ముందు అరగంట పాటు కాఫీ, టీ తాగకుండా ఉంటే అంకెలు సరిగా వస్తాయి. మితంగా కాఫీ తాగేవారిలో టైప్-2 మధుమేహం, కాలేయ వ్యాధులు, పార్కిన్సన్ వ్యాధి తక్కువగా కనిపిస్తున్నాయని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అలాగని మందులా తాగనక్కర్లేదు. కెఫీన్ తీసేసిన కాఫీ తాగేవారిలోనూ మధుమేహం తక్కువగానే ఉంది గనుక ఆ ఘనత కెఫీన్‌ది కాకపోవచ్చు. పైగా రోజుకు ఐదు టీలు, ఒక్కో టీకి రెండు చెంచాల చక్కెర చొప్పున తాగేవారికి ఆ అధ్యయనాలు ఊరటనివ్వవు. కడుపులో మంట, అల్సర్ ఉన్నవారు పరగడుపున కాఫీ మానడం మేలు. గుండె లయ తప్పేవారు, తరచూ ఆందోళనకు లోనయ్యేవారు తమ డాక్టరును అడిగి మోతాదు నిర్ణయించుకోవాలి.

ఉపవాసం రోజు తలనొప్పి

ఏకాదశికో శివరాత్రికో కాఫీ సైతం ముట్టకుండా ఉపవాసం ఉన్నవారిలో చాలామందికి మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది. ఆకలి వల్ల అనుకుంటారు గానీ, తరచూ దీని వెనుక ఉండేది కెఫీన్ అందకపోవడమే. రోజూ తాగే అలవాటుకు స్పందనగా మెదడు అడినోసిన్ గ్రాహకాల సంఖ్య పెంచుకుంటుంది. కెఫీన్ ఒక్కసారిగా ఆగితే ఆ గ్రాహకాలన్నీ అడినోసిన్‌తో నిండి, రక్తనాళాలు వ్యాకోచించి తలనొప్పి, చిరాకు, బడలిక వస్తాయి. చివరి కప్పు తరువాత 12 నుంచి 24 గంటల్లో మొదలై రెండు నుంచి తొమ్మిది రోజుల వరకు ఇవి ఉండవచ్చు. తలనొప్పి మాత్రలు కొన్నింటిలో కెఫీన్ కలిపి ఉంటుంది. కాఫీ మానేసి ఆ మాత్ర వేసుకునేవారికి ఉపశమనం అంత త్వరగా దొరకడానికి అదీ ఒక కారణం. ఉపవాసాలకు, రంజాన్ మాసానికి వారం, పది రోజుల ముందు నుంచే రోజుకు అరకప్పు చొప్పున తగ్గించుకుంటూ వస్తే ఈ బాధ పెద్దగా ఉండదు. పూర్తిగా మానే ఉద్దేశం లేనివారు సాయంత్రం కప్పును ముందుగా వదిలి, ఆఖరి కాఫీని మధ్యాహ్నం రెండు, మూడు గంటలకల్లా ముగిస్తే రాత్రి నిద్రలో తేడా కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది.